ఉప్పు తెలియని రోజులు

మా లాండ్రీలో చలికాలం వచ్చిందంటే మధ్యాహ్నం భోజనం పెద్ద తలనొప్పి. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం గంట కొట్టేసరికి రాయిలా బిగుసుకుపోతుంది. పోనీ బయట హోటల్లో తిందామా అంటే, నెలాఖరుకి మనకి మిగిలేది వాళ్లు ఇచ్చే మూతి తుడుచుకునే కాగితమే. అందుకే మేం పొత్తు పెట్టుకున్నాం. ఎవరికి ఏ కూరగాయ చవగ్గా దొరికితే వాళ్లు అది తేవాలి. ముందుగా చెప్పుకోకూడదు. అన్నీ కలిపి పిన్ని ఒకే గిన్నెలో వండుతుంది. మాంసం మాత్రం వద్దనుకున్నాం. భక్తీ కాదు, పాడూ కాదు. నీకు ముక్క పడింది, నాకు ఎముక పడింది అని మొదటి వారంలోనే జుట్లు పట్టుకుంటామని మాకు తెలుసు.

ఆవిడ మాలో ఎవరికీ సొంత పిన్ని కాదు, అయినా అందరికీ పిన్నే. నీళ్ల తొట్ల దగ్గర తడి దుప్పట్లు లాగి లాగి మోకాళ్లు అరగదీసుకుంది. మేనేజరు మనసున్నవాడు కాబట్టి చలికాలానికి ఒక ఏర్పాటు చేశాడు. పిన్ని బాయిలర్ గదిలో వెచ్చగా కూర్చుని చిరిగిన దుప్పట్లు కుట్టాలి, పక్కనే కరెంటు పొయ్యి మీద మా అందరికీ వండాలి. వంట ఉన్నంతకాలమే ఆ కుర్చీ. వంట పోతే మళ్లీ తొట్ల దగ్గరికే. ఆ మోకాళ్లతో తొట్ల దగ్గరికి పంపితే ఇక ఇంటికే. ఇంట్లో సంపాదించేవాళ్లు ఇంకెవరూ లేరు.

పిన్ని వంట చూడాలి మీరు! సంచుల్లోంచి కూరగాయలు బయటికి తీస్తూ ఒక్కొక్కదాన్ని వాసన చూసేది. "ఈ క్యాబేజీ ఎవరు తెచ్చారే? తెచ్చినవాళ్ల మొహంలాగే వాడిపోయి ఉంది" అనేది. తెచ్చింది నేనే. ఒకరోజు ఖర్మకాలి అందరం గుమ్మడికాయే తెచ్చాం. మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఆ గుమ్మడికాయలోనే ఇన్ని శనగలు పడేసి, అల్లం దంచి వేసి, గిన్నె అడుగు నాకేలా వండింది మహాతల్లి.

ఇంతలో ఊరందరికీ వచ్చినట్టే పిన్నికీ జలుబు వచ్చింది. తగ్గింది కూడా. కానీ పోతూ పోతూ రుచీ వాసనా రెండూ పట్టుకుపోయింది. ఆ సంగతి మాకు తెలీదు. చెబితే కుర్చీ పోతుందని ఆవిడ చెప్పలేదు. చేతి అలవాటు మీదే నెట్టుకొస్తోంది.

ఒకరోజు ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. ఇస్త్రీ చేసే వదిన ముద్ద నోట్లో పెట్టుకుని డ్రైవర్ అన్న వైపు చూసింది. ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు పైకప్పు వైపు చూశాడు. పెద్దావిడని ఏమంటాం అని ఒక్కరూ నోరు మెదపలేదు. నేను మాత్రం లొట్టలేసుకుంటూ తిన్నాను. బీపీ ఉందని డాక్టరు నా చేత ఉప్పు మానిపించాడు మరి. "నా కోసం ఉప్పు లేకుండా చేశావా పిన్నీ? నీ కడుపు చల్లగా!" అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. మొహమాటమనుకున్నాను. నా తెలివి తగలెయ్య!

మర్నాడు పిన్ని గుర్తుపెట్టుకుని ఉప్పు వేసింది. అది వీళ్లకేం తెలుసు? కుట్టిన దుప్పట్లు ఇచ్చి రావడానికి ఆవిడ లేచినప్పుడల్లా ఎవరో ఒకరు బాయిలర్ గదిలో దూరారు. చేతులు కాచుకునే వంకతో వదిన దూరింది. టీ పెట్టుకునే వంకతో డ్రైవర్ అన్న దూరాడు. బాయిలర్ మీటరు చూసే వంకతో మేనేజరు దూరాడు. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు గిన్నెలో ఉప్పు గుమ్మరించారు. పిన్ని నొచ్చుకోకూడదని పడ్డ పాట్లు అవి!

మొదటి ముద్ద నేనే పెట్టుకున్నాను. "అమ్మో! కూరా ఇది, సముద్రమా? నన్ను చంపేద్దామనుకున్నావా పిన్నీ?" అని గట్టిగా అరిచేశాను. నా నోటికి తాళం ఎప్పుడు ఉంది కనక.

పిన్ని ఒక ముద్ద తిని చూసింది. నమిలింది, మింగింది. మొహంలో ఏ మార్పూ లేదు. గిన్నె మీద మూత పెట్టేసి లేచి నిలబడింది.

"బాబూ, నాకు రుచి తెలియడం లేదు" అంది మేనేజరుతో. "జలుబు చేసినప్పటి నుంచీ ఇంతే. నిన్న ఉప్పు వెయ్యలేదు, ఇవాళ ఎన్నిసార్లు వేశానో ఏమో. రేపటి నుంచి తొట్ల దగ్గరికే వెళ్తాను."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. "మీరు కాదు పిన్నీ. రెండోసారి వేసింది నేను" అన్నాడు.

"రెండోసారి వేసింది నేను కదా!" అంది వదిన.

డ్రైవర్ అన్న తల గోక్కున్నాడు. "అయితే నేను వేసింది ఎన్నోసారి?"

పడీ పడీ నవ్వాం. పిన్ని నవ్వలేదు. "నా నాలుక చచ్చింది నిజమే కదరా" అంది.

"కూర్చోండి పిన్నీ" అన్నాడు మేనేజరు. "చెయ్యి ఉంది కదా, వండండి. రుచి చూడ్డానికి మేమున్నాం. తొట్ల మాట ఇంకోసారి ఎత్తితే ఊరుకోను."

ఆవిడ కూర్చుంది కానీ స్థిమితం లేదు. వదిన రుచి చూసి చెబుతుంటే తలొంచుకుని ఉప్పు వేసేది. కూరగాయల్ని వెక్కిరించడం మానేసింది. ఉల్లిపాయ ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి, ఏమీ తెలియక పక్కన పెట్టేసేది. "ఎన్నాళ్లు మోస్తారే నన్ను?" అని నన్నడిగింది ఒకసారి. "ఊరుకో పిన్నీ, పిచ్చి మాటలూ నువ్వూ" అని కసిరాను గానీ, లోపల నాకూ బెంగగానే ఉంది. ఈ మేనేజరు ఎల్లకాలం ఉంటాడా ఏమన్నా?

చలి ముదిరిన రోజుల్లో ఒక పూట, దుప్పట్లు మడతపెట్టే మా గదికి పిన్ని కుట్టినవి తెచ్చింది. నా చేతికి ఇవ్వబోతూ ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోందే!"

మాకు సబ్బు వాసన తప్ప ఏమీ రావడం లేదు. "మాడుతోంది! అడుగంటిపోతోంది!" అంటూ దుప్పట్లు నా మీద పడేసి, గోడ పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది. వెనకే నేనూ పరిగెత్తాను. మూత తీసేసరికి గుప్పున పొగ. బంగాళాదుంపలు అడుగున బొగ్గులు. పిన్ని పొయ్యి ఆపి, ఆ పొగలోకి మొహం వంచి గుండెల నిండా పీల్చింది. దగ్గుతోంది, ఏడుస్తోంది, నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. "తెలుస్తోందే! మాడు కంపు తెలుస్తోందే!"

హమ్మయ్య అనుకుని నేనూ ఏడ్చేశాను.

ఆ రోజు ఆ మాడు కూరే అందరికీ వడ్డించింది. డ్రైవర్ అన్న ఒక ముక్క కొరికి మొహం వికారంగా పెట్టాడు. "చేదుగా ఉంది పిన్నీ."

పిన్ని తన ముక్క నమిలి చూసింది. మొహమంతా ముడుచుకుపోయింది. "అవున్రా, చేదే!" అని మురిసిపోతూ ఇంకొకటి నోట్లో వేసుకుంది.