మా లాయరమ్మను పనిమనిషి అన్నారు

మా లాయరమ్మ పోయారు. ఒమాన్ దేశంలోని సూర్‌లో, కూతురి ఇంట్లో, బుధవారం పొద్దున, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. పాల కోసం వీధి చివరి కోల్డ్ స్టోర్‌కు, అదే కిరాణా కొట్టుకు, వెళ్తే, కౌంటర్ దగ్గరుండే కరీంనగరాయన అడిగాడు: "మీ ఇంట్ల పనిజేసే నల్ల ముసలామె సచ్చిపోయిందంట గదా అక్కా?"

"ఆ ఇంట్లో పని చేసేది నేనబ్బా," అన్నాను. "పోయినామె లాయరు. అమెరికా కోర్టులో వాదించినామె."

అతను నవ్వాడు. మూడేళ్లుగా ఆమె చేతికి రొట్టె, కోడిగుడ్లు అందించిన మనిషి, ఆ మాట నమ్మలేక నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా మండుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నాది కడప జిల్లా. పదో తరగతి చదివాను. ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే అమెరికా మేడం ఇంట్లో వంట, ఇల్లు నేనే చూస్తాను. లాయరమ్మ ఆ మేడం తల్లి. అమెరికా దక్షిణాన ఏదో చిన్న ఊరు ఆమెది. వాళ్ల నాన్న ఆ ఊరి కోర్టులో నేల తుడిచేవాడు. అదే కోర్టులో నల్లజాతి నుంచి వచ్చిన మొట్టమొదటి ఆడ లాయరు ఈమె. తోటి లాయర్లు భోజనాల గదిలోకి రానిచ్చేవారు కాదట. పదకొండేళ్లు మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు పెరిగేది కాదు. వినే నాకే ఒళ్లు మండేది.

నన్ను ఎప్పుడూ పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలిచేవారు. ఎందుకమ్మా అంత మర్యాద అని అడిగాను ఒకసారి. వాళ్ల కోర్టులో తెల్లవాళ్లను గౌరవంగా పిలిచి, బోనెక్కిన నల్ల ముసలమ్మను మాత్రం "ఏయ్ పిల్లా" అనేవారట. "ఆ పిలుపు మానిపించడానికే నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఈ మర్యాద నేనెలా మానతాను?" అన్నారు.

ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా రోజూ చొక్కా తానే ఇస్త్రీ చేసుకునేవారు. ఏ కాగితం చేతికొచ్చినా వెనక్కి తిప్పి కూడా చదివేవారు, మందుల డబ్బాలోని చీటీతో సహా.

మా పక్కింట్లో తెలుగువాళ్లే ఉంటారు. ఆయన పెద్ద ఇంజినీరు. వాళ్లింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన సత్యవతి పనికి ఉండేది. ఒక మధ్యాహ్నం చెప్పులు కూడా లేకుండా మా వంటింటి తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"ఏమైనాది పాపా?"

"మా అమ్మ పోయి పన్నెండు రోజులైందంటక్కా. ఇంట్లో చుట్టాలున్నారని నాకు చెప్పలేదంట. కబురొచ్చిన రోజున నాచేత గారెలేయించారక్కా."

పాస్‌పోర్టు ఇవ్వండి, పోతానని అడిగితే ఇవ్వలేదు. బయటికొచ్చేసింది. లాయరమ్మ అంతా విని ఆమెను తన గదిలో పడుకోబెట్టారు.

మర్నాడు ఇంజినీరు ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం పట్టుకొచ్చాడు. సత్యవతి సంతకం పెడితే పాస్‌పోర్టు ఇస్తాడట. తలుపు తీసిన లాయరమ్మ కాగితం కోసం చెయ్యి చాపారు. ఆయన ఇవ్వకుండా నావైపు తిరిగి తెలుగులో అన్నాడు: "ఈ నల్లదానితో నాకేం పని? ఇంటి మేడంని పిలువు."

ఏమన్నాడని లాయరమ్మ నన్ను అడిగారు. మేడం కోసం అడుగుతున్నారమ్మా అని సర్దాను.

"నువ్వు మార్చావు," అన్నారు. "ఆ గొంతు నేను నలభై ఏళ్లు విన్నాను. దానికి భాష తెలియక్కర్లేదు. అన్నది అన్నట్టు చెప్పు."

చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను, నా భాష కదా అది. ఆమె కళ్లద్దాలు పెట్టుకున్నారు. "నేను ఈ దేశంలో లాయర్ని కాదు. చదవడం మాత్రం వచ్చు. ఇలా ఇవ్వండి," అన్నారు ఇంగ్లీషులో. ఆ ఇంగ్లీషు వినగానే ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

ఒక్కొక్క వాక్యం ఆమె చదివితే నేను తెలుగులో చెప్పాను. మూడో వాక్యంలో ఉంది: ఇంట్లో గొలుసు దొంగతనం చేశాను, దయతలచి వదిలేశారు, నాకు ఏ ఫిర్యాదూ లేదు. సత్యవతి లోపలి నుంచి పరుగున వచ్చింది. "నేను దొంగనాండీ? మీ పిల్లల ఒంటి మీద బంగారం రోజూ తీసి దాచింది నేనే కదండీ!"

"ఫార్మాలిటీయే, అంత అర్థం ఏమీ లేదు," అని గొణిగాడు ఇంజినీరు.

"అర్థం లేకపోతే మీరే పెట్టండి సంతకం," అన్నారు లాయరమ్మ.

ఆ సాయంత్రం జరిగింది జరిగినట్టు సత్యవతి చెబితే నేను తెలుగులో రాశాను. ఏడుపొచ్చి ఆమె ఆగినప్పుడల్లా, ప్రశ్నలడుగుతున్న లాయరమ్మ కూడా ఆగేవారు. "చెయ్యని తప్పుకు క్షమాపణ రాసిస్తే, రేపు చేశావనే నమ్ముతారు," అన్నారు. కాలేజీలో పనిచేసే ఒమానీ టీచరమ్మ దాన్ని అరబ్బీలోకి మార్చింది. మర్నాడు పొద్దున లేబర్ ఆఫీసుకు నలుగురం కలిసి వెళ్లాం. అక్కడి అధికారి చదివి, ఇంజినీరుకు ఫోన్ చేసి నాలుగే మాటలు మాట్లాడాడు. మధ్యాహ్నానికల్లా పాస్‌పోర్టు వచ్చింది. సత్యవతి దొంగ అనిపించుకోకుండా ఇల్లు చేరింది. తల్లి మొహం మాత్రం ఆమెకు ఎవరు తెచ్చిస్తారు? ఆ ఇంజినీరు ఒక్క రోజు కూడా ఎవరికీ జవాబు చెప్పుకోలేదు. ఇప్పటికీ దర్జాగా కారులో తిరుగుతున్నాడు.

ఆ తర్వాత మా వీధిలో పనిచేసే ఆడవాళ్లు చెత్త పారేసే వంకతో తమ కాగితాలు తెచ్చి చూపించుకునేవారు. లాయరమ్మ వాకిట్లోనే కుర్చీ వేసుకుని చదివి పెట్టేవారు. "ఆవిడకేం పనిలేదు, పనివాళ్లను రెచ్చగొడుతోంది," అని మనవాళ్లే వీధంతా చెప్పుకున్నారు. ఒక్కరూ ఆమె ఎదురుగా వచ్చి అనలేకపోయారు.

అమెరికాలో నల్లజాతి మనిషి అధ్యక్షుడయ్యాడని టీవీలో చెప్పిన పొద్దున నేను సంతోషంతో సేమ్యా పాయసం చేశాను. ఆమె రెండు గిన్నెలు తిన్నారు. "ఇక మా కష్టాలన్నీ తీరిపోయాయంటారు చూడు," అన్నారు. కాసేపటికి వాళ్ల నాన్న చీపురు ఎలా పట్టుకునేవాడో గదిలో నడిచి చూపించి, అప్పుడు ఏడ్చారు. ఆమె ఏడవగా చూసింది అదొక్కసారే.

పోయిన రోజే సత్యవతికి ఫోన్ చేశాను. "ఆరి పేరు నాకు నోరు తిరిగేది కాదక్కా. ఒక్కసారి మెల్లగా చెప్పు," అంది. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నాతోపాటు పలికింది.

ఆమెను మస్కట్ విమానాశ్రయానికి తీసుకెళ్లే బండి శుక్రవారం పదింటికి వచ్చింది. కోల్డ్ స్టోర్ ముందు నిలబడ్డ మగవాళ్లు ఒకసారి చూసి మళ్లీ మాటల్లో పడ్డారు. బండి కదిలాక నేను వెనక నడిచాను. అప్పుడు చూశాను. వీధి పొడుగునా ప్రతి ఇనుప గేటు లోపలా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కడపావిడ, శ్రీలంకావిడ, ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్ల. ఇరవై అడుగులు బయటికి రావడానికి వాళ్లకు అనుమతి లేదు. కొందరి చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది. బండి ముందుకు వెళ్తుంటే, ఆ చేతులు ఒకదాని తర్వాత ఒకటి ఊచల సందుల్లోంచి బయటికొచ్చాయి.