సువార్తమ్మగారి లేసు సూది

పాత కుట్టుపని సామాను పోగుచేయడం నాకున్న పిచ్చి. ఇత్తడి వేలితొడుగులు, తుప్పు కత్తెరలు, దారపు కండెలతో తాడేపల్లిగూడెంలో మా ఇంటి బీరువా నిండిపోయింది. అందులోంచి ఒకదాన్ని వెనక్కి ఇచ్చేద్దామని చేసిన ప్రయాణం ఇది. నిరుడు ఒక కొల్లేటి లంక గ్రామంలో, డెబ్బై దాటిన సువార్తమ్మగారి దగ్గర ఎముక పిడి ఉన్న లేసు సూది కొన్నాను. వాళ్లమ్మకు క్రైస్తవ మిషను దొరసాని ఇచ్చిందట. "దీంతోనే అల్లుతున్నానండి" అని ఆవిడ రెండుసార్లు అన్నారు. అంటే ఇవ్వననే. నాకు అర్థమైంది కూడా. అయినా డబ్బు చేతిలో పెట్టేశాను. ఇంటికొచ్చిన మనిషిని కాదనలేక ఇచ్చారు.

ఉదయం ఏడింటికి ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా ఏలూరులో దిగాను. టిక్కెట్టు ముప్పై రూపాయల లోపే. స్టేషను బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడాను.

"రానుపోను ఆరువందలండి. అక్కడ తిరుగు బేరం దొరకదండి," అన్నాడు డ్రైవరు.

నేను గీసి గీసి బేరమాడే మనిషిని. ఆ రోజు మాత్రం నోరు రాలేదు. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో గతుకుల గట్టు రోడ్డు. గంట పట్టింది.

సువార్తమ్మగారు వరండాలో కూర్చుని స్టీలు సూదితో అల్లుతున్నారు. చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ అది. నిరుడు నేను చూసేసరికే సగం దాటింది. ఇప్పుడు జానెడు కూడా లేదు.

"అదేంటండీ, ఇంతే ఉంది?"

"పాత సూది లావండి. ఇది సన్నం. ఒక సగం వదులు, ఒక సగం బిగువు వచ్చేసిందండి. ప్రభువు బల్ల మీద అలా ఎలా పరుస్తామండి? మొత్తం విప్పేశానండి."

నాలుగేళ్ల అల్లిక అని నిరుడే చెప్పారు. తప్పైపోయిందని చెప్పి సూది ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చెంగుతో తుడిచి, కాసేపు వేళ్ల మధ్య తిప్పి, మళ్లీ నా చేతికే ఇచ్చారు.

"ఇప్పుడు దీంతో అల్లాలంటే ఇది కూడా విప్పాలండి. ఇంకోసారి విప్పితే, పూర్తయ్యేదాకా నా కళ్లు ఆగవండి. మీ దగ్గరే ఉంచండి. టీ తాగండి, చల్లారిపోద్ది."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు దారంతా నా బీరువాలో ఉన్న మిగతా వస్తువులే గుర్తొచ్చాయి. వాటిని తెచ్చేసుకున్నాక ఎవరి పని మధ్యలో ఆగిందో నేను ఒక్కరినీ అడగలేదు. మీరూ ఇలాంటివి వెతుక్కుంటూ ఇటు వస్తే, ధర అడిగే ముందు "దీంతో ఇప్పుడు ఏం చేస్తున్నారండీ" అని అడగండి. ఏదైనా చేస్తున్నామంటే, చూసి, ఫొటో తీసుకుని, ఖాళీ చేతులతో వచ్చేయండి.