పాత రికార్డు, కొత్త రికార్డు, నా చెవులు

నర్సీపట్నంలో ముప్పై ఏళ్లు మైకు సెట్టు నడిపినవాణ్ణి. పెళ్లికైనా తీర్థానికైనా, కోటవురట్ల నుంచి రోలుగుంట దాకా నా హారన్లు మోగని ఊరు లేదు. డీజే బాక్సులొచ్చాక సామానంతా అమ్మేశాను గానీ, రికార్డు ప్లేయరూ, ఒక అట్టపెట్టెడు రికార్డులూ ఉంచుకున్నాను. ముల్లు ఆనగానే అది పాత రికార్డో కొత్తదో చెప్పేస్తానని నాకు మహా గర్వం. ఈమధ్య ఆ గర్వం అడుగున ఒక భయం చేరింది.

మా నాన్నదీ ఇదే పని. అరవై దాటేసరికి ఆయనకి చెవుడొచ్చింది. నలుగురిలో కూర్చుంటే, అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి ఆయనా నవ్వేవాడు. ఎందుకు నవ్వాడో ఆయనకే తెలీదు. అప్పట్లో నాకది తమాషాగా ఉండేది. ఇప్పుడు నాకు అరవై ఒకటి. మొన్నామధ్య రోడ్డు దాటుతుంటే చెరుకు లారీ ఒకటి నా వీపు దాకా వచ్చి ఆగింది. డ్రైవరు కిందకి దిగి, ఎంతసేపట్నుంచి హారన్ కొడుతున్నాడో తిట్ల మధ్య చెప్పాడు. ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న విశాఖపట్నం నుంచి మా బావమరిది వచ్చాడు, చంకలో కొత్త రికార్డుతో. నా దగ్గరున్న పాత సినిమా పాటల రికార్డే, మళ్లీ వేశారట. అప్పటి టేపుని కంప్యూటర్లో శుభ్రం చేసి కొత్తగా అచ్చేస్తే దాన్ని రీమాస్టర్ అంటారట.

"రెండూ ఒకలాగే ఉంటాయి బావా. తేడా అంతా మన మనసులోనే ఉంటాది" అన్నాడు.

"లోపం నీ చెవుల్లో ఉంది. గిన్నె తోమినట్టు తోమీసినాక పాటలో ఏటి మిగుల్తాది?" అన్నాను.

"అయితే సూసుకుందాం. గోడేపు తిరిగి కూకో. అక్క ముల్లెడతాది. ఏది పాతదో నువ్వు సెప్పు."

వద్దంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది. పైగా లోపల చిన్న ఆశ: సరిగ్గా చెప్పగలిగితే నా చెవులు బాగున్నట్టే, ఇక ఆ లారీని మరిచిపోవచ్చు. కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను.

మొదటిసారి పాట శుభ్రంగా వచ్చింది. "కొత్తది" అన్నాను. రెండోసారీ అంతే శుభ్రం. "కొత్తదే" అన్నాను. మూడోసారి కూడా అలాగే వచ్చేసరికి ఒళ్లు మండింది. పాత రికార్డు మీద ఆ పాట మొదట్లోనే పెద్ద గీత ఉంది. ఒక పెళ్లిలో నా చేతుల్లోంచి జారినప్పుడు పడింది. మైకు సెట్టు ఉన్నన్నాళ్లూ ఆ గీత చిటపట వినకుండా నేనా పాట ఏనాడూ మొదలెట్టలేదు.

"ఏటి, అక్కాతమ్ముళ్లు కలిసి ఆటలాడతన్నారా? మూడుసార్లూ కొత్తదే ఏస్తారేటి?" అని వెనక్కి తిరిగాను.

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ప్లేయరు మీద తిరుగుతున్నది నా పాత రికార్డే. లేబులు మీద నేను ఎర్రసిరాతో పెట్టుకున్న గుర్తు కనిపిస్తోంది. లేచి వెళ్లి స్పీకరుకి చెవి ఆనించాను. పాట ఉంది. చిటపట లేదు.

"నిప్పుల మీద ఉప్పేసినట్టు పేల్తంది కదా బావా. ఇనిపించట్లేదా?" అన్నాడు బావమరిది.

ఎన్నాళ్ల నుంచి పాటలు నాకిలా సగమే అందుతున్నాయో, పోయిన సగంలో ఇంకా ఏమేం పోయాయో.

"ఊరికే ఆటపట్టించానురా. నమ్మీసేవా?" అని పకపకా నవ్వాను. వాడూ నవ్వాడు. తేడా మాత్రం ఉందని ఒప్పుకుని, భోజనం చేసి మధ్యాహ్నం బస్సెక్కాడు.

మా ఆవిడ నవ్వలేదు. తమ్ముణ్ణి సాగనంపి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆడు నమ్మీసాడు గానీ, నాకు తెలీదేటండీ? ఏడాది బట్టి అరిసి అరిసి మాట్లాడతన్నాను. మనం రోజూ దెబ్బలాడుకుంటన్నామని పక్కింటోళ్లు అనుకుంటన్నారు."

నేనూ అలాగే అనుకున్నాను. ఈ మధ్య ఆవిడకి కోపం ఎక్కువైందని, నోరు లేస్తోందని ఎన్నిసార్లో కసురుకున్నాను కూడా. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది.

"ముందే సెప్పొచ్చు కదా" అన్నాను.

"మీరు బయపడతారని సెప్పనేదు."

"ఓసారి మామూలుగా మాట్లాడు, సూద్దాం."

ఆవిడ నా వంకే చూస్తూ, తన అసలు గొంతుతో ఏదో అంది. గొంతు వినిపించింది. మాట తెలియలేదు. ఏమన్నావని అడగడానికి ధైర్యం చాలలేదు.