నీళ్ల పక్క

కాలువ గట్టు మీద ఇద్దరు జతగా సైకిళ్లు తొక్కితే ఒకరు నీళ్ల పక్కన ఉంటారు, ఒకరు చేల పక్కన ఉంటారు. నేను ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆదివారం ఆదివారం నీళ్ల పక్కన తొక్కేవాణ్ణి. చేల పక్కన హైస్కూలు లెక్కల అయ్యవారు. మా వీధిలోనే అద్దెకుండేవాడు. ఆ ఊళ్లో నాకు అంతకంటే దగ్గరి స్నేహితుడు లేడు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం అది.

పొద్దున్నే ఉగ్గాని తిని బయలుదేరేవాళ్లం. మైదుకూరు రోడ్డున కొంత దూరం పోయి, కాలువ వంతెన దగ్గర సైకిళ్లు దిగి, తోసుకుంటూ గట్టెక్కేవాళ్లం. ఒకప్పుడు ఆ కాలువలో పడవలు నడిచేవి. తాడు కట్టి పడవను లాగుతూ మనుషులు, ఎద్దులు నడిచిన దారే మా దారి. మా చిన్నతనానికే పడవలు ఆగిపోయాయి. తాళ్లు ఒరుసుకుని వంతెన మూలరాళ్ల మీద పడిన గాట్లు మాత్రం మిగిలాయి. అతను ప్రతిసారీ సైకిలు దిగి ఆ గాట్లలో వేలు పెట్టి చూసేవాడు. తొందరేమీ ఉండేది కాదు. పసుపు తోటల పక్కన ఆగేవాళ్లం, కానుగ చెట్టు కింద కూర్చుని బొరుగులు తినేవాళ్లం, మళ్లీ తొక్కేవాళ్లం.

పని లేకుండా ఎవరైనా అంత దూరం వస్తారంటే అక్కడి రైతులు నమ్మేవారు కారు. గట్టుకు గండి కొట్టి దొంగతనంగా నీళ్లు పారించుకునేవారు మమ్మల్ని కాలువ ఆఫీసు మనుషులనుకుని గండి మీద కంపలు వేసి, ఆ కంపల ముందు నిలబడి నమస్కారం పెట్టేవారు. ఒక ముసలాయన వారం వారం మమ్మల్ని ఆపి అదే మాట అడిగేవాడు.

"యాడికి సామీ?"

"ఊరికేనే పెద్దాయనా."

"ఊరికే ఎవురొస్తారప్పా ఇంత దూరం. బిడ్డ సంబంధం చూసేకి వచ్చినారా, ఏంది? మాకు చెప్తే మేం చెడగొడతామా?"

నా స్నేహితుడు పడీ పడీ నవ్వేవాడు. ఆ నవ్వు బడిలో వినిపించేది కాదు, ఇంట్లోనూ వినిపించేది కాదు. దానికి కారణం నాకు మొదట తెలియదు.

ఒక ఆదివారం అతన్ని పిలవడానికి వాళ్ల ఇంటికి పోయాను. అతను సైకిలుకు గాలి కొట్టించుకోవడానికి వీధి చివరికి పోయాడు. అతని భార్య వాకిట్లోకి వచ్చింది. జమ్మలమడుగు అవతల పెన్న ఒడ్డు పల్లె ఆమెది. నాతో అంతకు ముందు రెండు మూడు మాటల కంటే ఎక్కువ మాట్లాడి ఎరగదు. ఆ రోజు మాత్రం తల దించుకోకుండా, ముందే అనుకుని పెట్టుకున్న మాటల్లాగా చెప్పింది.

"అన్నా, ఆయప్పకు మూర్ఛ ఉండాది. ఇస్కూల్లో ఎవురికీ తెల్దు. కాలవ కాడికి పోవద్దంటే ఇనడు. నిన్ను ఆపమని అడగను. ఆపితే ఒక్కడే పోతాడు. నువ్వు నీళ్ల పక్కన ఉండు."

తరువాత నా చేతిలో పాత తలుపు తాళంచెవి ఒకటి పెట్టింది. జానెడు పొడవు, మంచి బరువు. ఇనుము చేతిలో పెడితే మూర్ఛ నుంచి తేరుకుంటారని మా అందరి నమ్మకం. అది ఉత్త నమ్మకమేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ తాళంచెవిని చొక్కా లోపలి జేబులో వేసుకుని, మందు జేబులో ఉన్నంత ధైర్యంగా బయలుదేరాను.

తరువాత ఒక్కొక్కటీ తెలిసింది. ప్రొద్దుటూరులో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందని అతను జమ్మలమడుగు పోయి డాక్టరును కలిశాడు. డాక్టరు మాత్రలిచ్చి, పొయ్యి దగ్గరికీ నీళ్ల దగ్గరికీ పోవద్దన్నాడు, సైకిలు ఎక్కవద్దన్నాడు. వాటిలో పొయ్యి మాట ఒక్కటే విన్నాడు. మాత్రలు వేసుకుంటే తల మబ్బుగా ఉండి బోర్డు మీద లెక్క తప్పుతోందని, బడి రోజుల్లో వేసుకోవడం మానేసేవాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోటి నురగ తాకితే పక్కవాడికి అంటుకుంటుందని జనం భయపడే కాలం. విషయం పొక్కితే పిల్లల తండ్రులు ఊరుకోరు.

ఆనాటి నుంచి నాకు కాలువ అందం కనబడలేదు. కొంగలు వాలినా, పసుపు ఆకు మీద మంచు మెరిసినా నా చూపు అతని హ్యాండిల్ మీదే. మాట మధ్యలో ఆగితే నా కాళ్లు ఆగేవి. అతను ఏదో ఆలోచిస్తూ ఊరుకున్నా, కంట్లో నలక పడి రెప్పలు ఆడించినా తాళంచెవి తడుముకునేవాణ్ణి. ఇంటికొచ్చాక డైరీలో ఆదివారం కింద ఒకే మాట రాసేవాణ్ణి: క్షేమం. ఆ మాట రాసేదాకా అన్నం సయించేది కాదు.

నా జేబులోని తాళంచెవి సంగతి అతనికి ఎన్నాళ్లుగా తెలుసో నాకు తెలియదు. ఒక రోజు కానుగ చెట్టు కింద బొరుగులు తింటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"సామీ, నీకు ఈత వస్తాదా?"

రాదన్నాను.

"మల్ల నీళ్ల పక్కన యాల తొక్కుతాండావు? నేను పడితే ముందర నిన్ను తోసుకుని పడతా. అప్పుడు కాలవలో ఇద్దరం ఉంటాం. తాళంచెవి ఎవురు పెట్టాల, ఎవురి చేతిలో?"

అన్నిటికీ ఒక పద్ధతి ఉండాలనేవాణ్ణి. కచేరీలో కాగితాల కట్ట మూలలు సరిచేయకుండా లేచేవాణ్ణి కాను. అలాంటి నేను ఈ ఒక్కటి ఆలోచించలేదు. అతను కాసేపు నవ్వి, తరువాత గొంతు తగ్గించాడు.

"మంచంలో పండుకున్నా వస్తాది సామీ. బోర్డు ముందర నిలబడినా వస్తాదేమోనని దినమంతా భయమే. ఈడ ఒక్కచోటే నాకది గుర్తుకు రాదు. నువ్వు అట్ల చూస్తాంటే ఈడ గూడా గుర్తొస్తాంది."

ఆ మాట నన్ను గట్టిగా తాకింది. అయినా తిరుగు దారిలో నీళ్ల పక్కనే తొక్కాను.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. కాలువ గట్టు అంచుదాకా వచ్చి, ఎర్రటి నీళ్లు చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. మబ్బు పట్టిన పొద్దు. నేను ఒక సైకిలు దూరం వెనక ఉన్నాను. ముందు, అతను వేస్తున్న ఈల ఆగింది. సైకిలు వంకర పోలేదు. నెమ్మదిగా, ఎవరో చెప్పినట్టు నీళ్ల వైపు తిరిగింది. నేను నా సైకిలును అడ్డంగా తోశాను. రెండు సైకిళ్లూ పెనవేసుకుని పడ్డాయి. అతని కాళ్లు మోకాళ్లదాకా నీళ్లలోకి జారాయి. చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను గానీ పైకి లాగే బలం లేదు. అతని ఒళ్లు కొట్టుకుంటుంటే గట్టు మన్ను మా కింద విరిగి నీళ్లలో పడుతోంది.

పసుపు తోటలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ పైకి లాగారు. ఒకామె కొడవలి తెచ్చి అతని చేతికి తాకించింది. నేను రెండో చేతిలో తాళంచెవి పెట్టాను. కాసేపటికి ఒళ్లు సద్దుమణిగింది. నాలుక కరుచుకుని పెదవి పక్కన రక్తం. వారిలో పెద్దామె ఎవరు నాయనా ఈ బిడ్డ అని అడిగింది. పేరు చెప్పకుండా, ఎండదెబ్బ తగిలిందన్నాను. ఆమె ఒకసారి మబ్బు వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"తగుల్తాది లే సామీ. మేమేం చూళ్లేదు, ఇంటికి పిల్చకపో."

కళ్లు తెరిచాక అతను అడిగిన మొదటి మాట సైకిలు ఏమైందని.

ఆ సాయంత్రమే అతని భార్య సైకిలును నడవలో స్తంభానికి గొలుసు వేసి బిగించింది. నేను గొలుసు పట్టుకుని సాయం చేశాను. అతను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అదే సరైన పని అని నాకు ఆ రోజు ఏ సందేహమూ లేదు.

తరువాతి నెలల్లో అతను బడికి నడిచి పోయేవాడు, నడిచి వచ్చేవాడు. ఆదివారం నేను పోతే చదరంగం బల్ల ముందు కూర్చునేవాడు గానీ పావు కదిపేవాడు కాదు. తిండి తగ్గింది. మాత్రలు ఆదివారం కూడా మానేశాడని, అరుగు మీద కూర్చుని వీధిలో పోయే సైకిళ్లను చూస్తాడని ఆమె చెప్పింది. నీళ్లలో పడకుండా కాపాడినాం గదా అన్నాను. ఆమె గొలుసు వేసిన స్తంభం వైపు చూసింది.

చలికాలం వచ్చాక ఒక ఆదివారం పొద్దున మా వాకిట్లో సైకిలు గంట మోగింది. బయటికి వచ్చి చూస్తే అతను సీటు మీద, ఆమె వెనక క్యారియర్ మీద, కాళ్లు రెండూ ఎడమ పక్కకు వేసుకుని. వీధిలో ఆడవాళ్లు వాకిళ్లు ఊడ్చడం ఆపి చూస్తున్నారు. మొగుడి సైకిలెక్కి ఊరు తిరిగే ఆడదాన్ని ప్రొద్దుటూరు అప్పటికి చూడలేదు. నేను ఇదేం పనమ్మా, పడితే ఇద్దరూ పోతారు అన్నాను. గొంతు పెద్దదైంది కాబోలు, మా ఇంట్లోవాళ్లు కూడా బయటికి వచ్చారు.

"మాత్రలు దినమూ ఏసుకుంటానంటే గొలుసు తీసినా అన్నా. నెల దినాలుగా ఏసుకుంటాండాడు. నీళ్ల పక్క ఇంక నేను కూచ్చుంటా."

"నువ్వేం చేస్తావు తల్లీ?"

"పెన్నకు నీళ్లొస్తే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినదాన్ని. నీకు ఈత రాదంట గదా. నువ్వు చేల పక్కన రా."

అతను ముందు చక్రం వైపు చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు. అంత కోపంలోనూ నాకు ఒక విషయం తట్టింది. పోయేటప్పుడు ఒక గట్టు మీద, వచ్చేటప్పుడు ఎదుటి గట్టు మీద వస్తే నీళ్లు ఎప్పుడూ ఎడమ పక్కనే, ఆమె కాళ్ల వైపే ఉంటాయి. ఆ మాట చెప్పి, సైకిలు బయటికి తీశాను. ఆ రోజు చేల పక్కన తొక్కుతూ ఒక్క పసుపు మొక్కను కూడా చూడలేదు. తడి చీర కాళ్లకు చుట్టుకుంటే ఎంత ఈత వచ్చినవారైనా ఏం చేయగలరు అన్నదే నా తలలో తిరిగింది. ఆ మాట ఆమెతో అనలేదు.

రాజధాని హైదరాబాదుకు పోయిన తరువాత అతనికి పులివెందులకు బదిలీ అయింది. కరువు సీమకు తోలేశారని బడిలో అందరూ జాలిపడ్డారట. నాకు మాత్రం గుండె మీది బరువు సగం దిగింది. ఆ చుట్టుపక్కల కాలువలు లేవు.

ఆ ఎండాకాలం వాళ్లను చూడటానికి పోయాను. మరుసటి పొద్దున అతను బాడుగ సైకిలు ఒకటి తెచ్చి నాకిచ్చాడు. తొండూరు దారిన ముగ్గురం బయలుదేరాం. చెనక్కాయ చేలు దున్ని వదిలేశారు, ఎటు చూసినా ఎర్రమన్ను. మాత్రలు మానలేదని, అయినా ఆ మధ్య ఒకసారి తరగతిలోనే వచ్చిందని, పిల్లలు ఇంట్లో చెప్పారో లేదో ఇంకా తెలియదని అతను తొక్కుతూ మామూలుగా చెప్పాడు.

దారి ఒకచోట మలుపు తిరిగింది. మలుపులో గట్టు లేని మోట బావి, దారి అంచును ఆనుకుని నోరు తెరుచుకుని ఉంది. అడుగున నల్లగా నీళ్లు. నేను ఏమీ అనుకోలేదు. నా సైకిలు దానంతట అదే వాళ్ల సైకిలును దాటి బావి వైపుకు పోయింది.

క్యారియర్ మీద నుంచి ఆమె గొంతు వినిపించింది.

"అన్నా, ఈత నేర్సుకున్న్యావా?"

లేదమ్మా అన్నాను. బావి దాటేదాకా అక్కడే తొక్కాను.