పూజలో ఉన్న పుస్తకాలు

ఆ రోజుల్లో మా మాదాపూరు వైపు మధ్యాహ్నం కాగానే, బండలు పేల్చేముందు ఈల వేసేవారు. ఈల వినపడితే దారిన పోయేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయేవారు. ఎర్రజెండా లేచేది, ఎక్కడో ఒక బండ పేలేది, మా గ్రంథాలయం కిటికీ అద్దాలు జల్లుమనేవి. కాసేపటికి సన్నటి తెల్లదుమ్ము వచ్చి పుస్తకాల మీద మెల్లగా వాలేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ వేసవి మొత్తం ఆ దుమ్ములోంచే, కలలో చూసినట్టు కనిపిస్తుంది నాకు. దూరంగా గుండ్రటి భవనం ఒకటి లేస్తూ ఉండేది. అందులో కంప్యూటర్లు పెడతారని అనేవారు. (మా నాన్నమ్మ మాత్రం అది పెద్ద నీళ్ళ ట్యాంకనే చివరిదాకా నమ్మింది. ఇంత ఎండలు కాసే ఊరికి అంత ట్యాంకు కట్టినవాళ్ళను చల్లగా ఉండమని దీవించింది కూడా.)

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు జబ్బు చేస్తే మానిపించారు, తర్వాత నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన చెప్పిన అక్షరాలకు నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. పందొమ్మిదేళ్ళు వచ్చినా ఏ హాజరుపట్టీలోనూ నా పేరు లేదు. ఆ వేసవిలో రెండు నెలల పనికని గ్రంథాలయంలో చేరినప్పుడు, అక్కడి సారు పట్టీ తీసి నా పేరు పెన్సిల్‌తో రాశారు. "పెద్దసారు తనిఖీకి వస్తారమ్మా. నీ పని చూసి సరేనంటే సిరాతో దిద్దుతాను. కాదంటే ఇదిగో, రబ్బరు నా దగ్గరే ఉంది," అన్నారు నవ్వుతూ. ఆయన నవ్వారు గానీ నాకు ఆ రబ్బరు చాలాసార్లు కలలోకి వచ్చింది.

ఆ సారును అందరం నిశ్శబ్దం సారు అనేవాళ్ళం. గోడ మీద 'నిశ్శబ్దం' అన్న బోర్డు ఉన్నా సరిపోదని, పావుగంటకోసారి ఆ మాట ఆయనే గట్టిగా అరిచేవారు. మొత్తం గదిలో వినిపించే చప్పుడు అదొక్కటే.

రోహిణికార్తె చివర, ఒక శనివారం, కొత్త పుస్తకాలు రెండు పెద్ద అట్టపెట్టెల్లో వచ్చాయి. పెట్టె తెరవగానే వచ్చిన వాసన ఇప్పటికీ నాకు తెలుసు. జిగురు, కాగితం, ఇంకేదో చల్లనిది. సారు తన తమ్ముడి గృహప్రవేశానికి బయలుదేరుతూ, "బుధవారం పెద్దసారు వస్తారు. నేను రేపు, ఎల్లుండి ఉండను. గ్రంథాలయం ముద్రలు వేసి, నంబర్లు రాసి, అన్నీ సిద్ధం చేసి పెట్టమ్మా. నీ ఇంటి పుస్తకాల్లా చూసుకో," అన్నారు. ఆ చివరి మాట అనకుండా ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

మా ఇంట్లో కొత్త పుస్తకం వస్తే ముందు నాలుగు మూలలా పసుపు రాస్తాం, కుంకుమబొట్టు పెడతాం, అమ్మవారి ముందు ఉంచుతాం. ఆదివారం పొద్దున తలస్నానం చేసి వచ్చి నేనూ అదే చేశాను. గదిలో ఉన్న ఒకే ఒక్క పొడవాటి చదివే బల్ల మీద నూట ముప్పై పుస్తకాలూ పేర్చాను. మూలమూలకూ పసుపు రాశాను. (కంప్యూటరు పుస్తకాలకు కాస్త ఎక్కువే రాశాను. కొత్తగా వచ్చిన విద్య కదా, దిష్టి తగులుతుందని.) నడుమ చిన్న సరస్వతి పటం, వడపప్పు, పానకం. మనసు నిండిపోయింది. అక్షతలు వేసి కళ్ళు తెరిచాక గుర్తొచ్చింది నాన్నమ్మ పట్టింపు: పూజలో పెట్టిన పుస్తకాన్ని మూడో రోజు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా, అంటే అమ్మవారిని సాగనంపేదాకా, ముట్టకూడదు. ముట్టకుండా ముద్ర ఎలా వేస్తారు? వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. మంగళవారం పొద్దున ఉద్వాసన, ఆ రోజంతా ముద్రలు, బుధవారం పెద్దసారు. భగవంతుడి దయవల్ల సరిపోతుంది అనుకున్నాను.

పాఠకులు వచ్చారు. బల్లను చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పులు బయట విడిచి, దణ్ణం పెట్టుకుని, దినపత్రికలు నేల మీద పరుచుకుని చదువుకున్నారు. ఊడ్చే పెద్దమ్మ అయితే, "ఇన్నొద్దులకు ఈ గది గుడి లెక్క అయింది బిడ్డా," అని ముగ్గు కూడా వేసింది. ఒక్క కోర్సులన్నయ్యతోనే చిక్కొచ్చింది. (అనంతపురం నుంచి వచ్చి, ఏదో ఒక కంప్యూటరు కోర్సు ఎప్పుడూ చేస్తూనే ఉండేవాడు కాబట్టి ఆ పేరు.) ముట్టకూడదన్నానని బల్ల చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు. భక్తి అనుకున్నాను. తల పక్కకు వాల్చి, పెదాలు కదుపుతూ, పుస్తకాల వీపుల మీద పేర్లు చదువుకుంటున్నాడని నాలుగో చుట్టులో తెలిసింది.

"ఇదే చెల్లీ, ఇదే! మూడు నెల్ల నుంచి దీనికోసమే తిరగతా ఉండాను. రేపు సాయంత్రం నాకు పరీక్ష ఉంది. ఒక్క గంట ఇయ్యి, చాలు."

"మంగళవారం ఇస్తాను అన్నయ్యా."

"మంగళవారం నాకెందుకు? పరీక్ష అయిపోయినాక నేనూ పూజే చేసుకోవల్ల!"

ఇవ్వలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సోమవారం మధ్యాహ్నం ఈల వినపడింది, బండ పేలింది, అద్దాలు జల్లుమన్నాయి. ఆ దుమ్ములోంచి ఒక జీపు వచ్చి ఆగింది. ముందు నిశ్శబ్దం సారు దిగారు, వెనక పెద్దసారు. దారిలో కలిశారట, బుధవారం దాకా ఎందుకని ఇద్దరూ కలిసి వచ్చేశారట. లోపలికి వస్తూనే మా సారు నోరు తెరిచారు. నా జీవితంలో మొదటిసారి, చివరిసారి, ఆయన నోట నిశ్శబ్దం అన్న మాట రాకుండా నిజమైన నిశ్శబ్దం వచ్చింది.

పెద్దసారు బల్ల దగ్గరికి వెళ్ళి ఒక పుస్తకం మీదికి చెయ్యి చాచారు.

"ముట్టకూడదండీ!" అన్నాను. నేనే. ఆ గొంతు నాదని గుర్తుపట్టడానికి నాకే కాసేపు పట్టింది.

చెయ్యి గాలిలో ఆగింది. "ఎందుకమ్మా?"

"పూజలో ఉన్నాయండీ. రేపు పొద్దున ఉద్వాసన."

"ముద్రలేసినవా?"

"ముట్టకూడదు కదండీ."

మా సారు నెమ్మదిగా సొరుగు తెరిచారు. రబ్బరు తీస్తున్నారనుకున్నాను. (చెమట తుడుచుకునే రుమాలు అని తర్వాత తెలిసింది.) నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ అందుకుంది. "గింత పరేషాన్ ఎందుకు బిడ్డా? ఆ బల్ల సుట్టు తిరుగుతున్న పిల్లగానికి పరీక్ష ఉన్నదని అమ్మవారికి జర చెప్పుకో. సదువులతల్లికి పరీక్షల సంగతి ఎరుకలేదా? ఒకదినం ముందుగాల లేస్తది."

నేను లెంపలేసుకుని, అమ్మవారికి విషయం విన్నవించుకున్నాను. అమ్మ కోపగించుకున్నట్టు నాకనిపించలేదు. "సరే, మరి ఉద్వాసన చెప్పాలంటే పూజలో ఉన్నవాటిని ఈశాన్యానికి కొంచెం కదపాలండీ," అన్నాను.

"అన్నిటినా?" అన్నారు పెద్దసారు.

"బల్లను కదిపితే చాలండీ."

పెద్దసారు చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నారు, చొక్కా చేతులు మడిచారు. "పట్టుండ్రి," అన్నారు. ఆయన ఒకవైపు, మా సారు ఒకవైపు, కోర్సులన్నయ్య వెనక, నేల మీది పాఠకులు తలా ఒక చెయ్యి. నేను మంత్రం చెబుతుంటే, నూట ముప్పై పుస్తకాలతో ఆ బల్ల షాబాదు బండల మీద కీచుమంటూ అరిచింది. అంత చప్పుడు ఆ గ్రంథాలయం పుట్టి ఎరగదు.

"నిశ్శబ్దం!" అన్నారు మా సారు అలవాటుగా, బల్లతో.

మొదట నవ్వింది పెద్దసారే. తర్వాత ఆయనే పానకం అడిగి తాగారు. కోర్సులన్నయ్య తన పుస్తకం కళ్ళకద్దుకుని, మూలకు పోయి కూర్చున్నాడు. ముట్టుకుంటే వేళ్ళకు పసుపు అంటుతోంది, అయినా తుడుచుకోలేదు. పెద్దసారు హాజరుపట్టీ తెప్పించి, పెన్సిల్ పేరు మీద వేలు పెట్టి, "ఈ ముద్రలన్నీ ఎవరేస్తరు మరి? ఈ పిల్లనే ఉండనియ్యి, అన్నీ అయ్యేదాకా," అని తన కలంతో దిద్దారు. సిరా ఆరకముందే, పుస్తకాలు అందించిన పసుపు వేళ్ళతో నేను ఆత్రంగా తాకాను. నా పేరు చివరి అక్షరం కాస్త పసుపుగా అలుక్కుపోయింది.

ముద్రలు చాలా నెమ్మదిగా వేశాను. ఒక్కో పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, ముద్ర వేస్తున్నందుకు క్షమించమని అడిగి మరీ వేశాను. నూట ముప్పై పూర్తయ్యేలోగా ఇంకో పెట్టె వచ్చింది, తర్వాత ఇంకోటి. అలా ఆరేళ్ళు ఉన్నాను.

ఇప్పుడు ఇంటికి కొత్త పుస్తకం వస్తే మూడు రోజులు ఆగే ఓపిక నాకు లేదు. కళ్ళకద్దుకుని, ఈశాన్యానికి వేలెడంత జరిపి, వెంటనే తెరుస్తాను. జరిపిన ప్రతిసారీ ఆ బల్ల కీచుమన్న చప్పుడు ఎక్కడినుంచో వినిపిస్తుంది. తెల్లటి దుమ్ములో, పసుపు చేతులతో, అంత పెద్దసారుతోనే ముట్టకూడదన్న ఆ పిల్ల కనిపిస్తుంది. అంత ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకున్నావే అని అడగాలనిపిస్తుంది. అడగను. ఆ పిల్ల ఇంకా పూజలోనే ఉంది కదా, కదపడం ఎందుకు.