కుప్పింటాకు పేరు

మందుల ల్యాబులో సీసా మూత తీయగానే కుప్పింటాకు పచ్చివాసన గుప్పుమంది. "సీసా మీద ఆకు పేరు రాయొద్దు, నంబరు వెయ్యి. పేరు బయటికి పోకూడదు" అన్నారు మా సారు. నాకు నవ్వొచ్చింది.

పుంగనూరులో మా అవ్వ తామరకు పసరు పూసేది. ఆకును కొంగులో దాచి తెచ్చి, గుడ్డ కప్పిన పిడికిట్లో పిండేది. "పేరు సెప్తే పసరు పన్జెయ్యదు పాపా" అనేది.

ఎట్లా పని చేయదో చూద్దామని, ఎనిమిదేళ్ల నేను సుద్దముక్కతో వాకిలి తలుపు మీద 'కుప్పింటాకు' అని రాసేశాను. మెడ మీద తామరతో నిమ్మనపల్లె నుంచి వచ్చిన మునెప్ప దాన్ని గట్టిగా చదివాడు.

"ఇదేనామ్మా? మా సేనిగట్టున శానా ఉండాది!" అంటూ పసరు పూయించుకోకుండానే వెనక్కి వెళ్లిపోయాడు.

నా రాతతో మందు చచ్చిపోయిందని వారంపాటు భయపడ్డాను. మునెప్ప తామర మానింది. మా వాకిట్లోకి మాత్రం ఆ తర్వాత ఎవరూ రాలేదు.

"ఆకు బాగానే పన్జేస్తాంది పాపా, నాకే పని ల్యాకుండా పాయ" అంది అవ్వ.

ఆకు పేరు రాసినందుకు నాకిప్పటికీ బాధ లేదు. కింద అవ్వ పేరు రాయకపోవడమే తప్పు. సారు చూస్తుండగానే సీసా మీద పెద్దక్షరాలతో రాశాను: కుప్పింటాకు. చూపించింది పుంగనూరు నరసమ్మ.