మా పిన్నిగారి నీలం సంచి

మా పిన్నికి ఒకటే జబ్బు. తన గడప తొక్కినవాళ్లెవరినీ ఒట్టి చేతులతో పోనివ్వదు. వింటే ఎంత పెద్ద మనసో అనిపిస్తుంది. ఆవిడ ఇచ్చిన సంచి ఇంటికి మోసుకొచ్చి విప్పి చూస్తే ఆ అభిప్రాయం మారిపోతుంది. అందులో నలిపి కుక్కిన పాత పేపర్లుంటాయి. మరీ అభిమానం ఎక్కువైతే ఒక ఇటుక.

ఆ గడప ఇంటిది కాదు. మా వీధి చివర మూతబడిన ఫర్నిచర్ షాపులో పిన్ని ఫుడ్ బ్యాంక్ నడుపుతోంది. షాపులవాళ్లూ ఇరుగుపొరుగూ ఇచ్చిన బియ్యం, పప్పు, నూనె, పాలపొడి అరల్లో సర్ది ఉంటాయి. ఇంట్లో నిండుకున్నవాళ్లు వచ్చి వారానికి సరిపడా ఉచితంగా పట్టుకెళ్తారు. వ్యాన్ నడిపి సరుకు తెచ్చేది నేను. అవసరమున్నవాళ్ల సంచిలో సరుకే ఉంటుంది, అందులో తేడా రాదు. పేచీ అంతా మిగతావాళ్లతోనే. ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్ట్‌మన్‌కీ సంచే, బ్రెడ్డు దానం చెయ్యడానికొచ్చిన బేకరీ యజమానికీ సంచే. అన్నీ ఒకే నీలం రంగు, మూతి బిగించి కట్టినవి.

ఒకసారి శుభ్రత తనిఖీ చెయ్యడానికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మూలమూలలా చూసి, బాగుందని తలూపి బయల్దేరుతుంటే పిన్ని సంచి చేతిలో పెట్టింది. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"అమ్మా, నేను లంచం తీసుకోను."

"విప్పి చూసుకో నాయనా."

విప్పాడు. "ఇందులో చిత్తుకాగితాలు తప్ప ఏమీ లేవే."

"అందుకే అది లంచం కాదు. పట్టుకెళ్లు."

కాదనడానికి ఏ నిబంధనా దొరక్క, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మా ఆవిడకైతే ఆ సంచి చూస్తేనే ఒళ్లు మండేది.

"ఏమండీ, మీ పిన్ని ఈసారీ ఇటుకే పంపింది."

"జాగ్రత్తగా పెట్టు. వచ్చే వారం తిరిగి తెచ్చిమ్మంది."

"ఇటుకలు బదులిచ్చే మనిషిని మీ వంశంలోనే చూశాను."

ఉండబట్టలేక ఒకరోజు నేనే అడిగాను. "పిన్నీ, వీధంతా నవ్వుతోంది. ఈ పేపర్ల గోల మనకెందుకు?"

"నవ్వనీరా. మూతి గట్టిగా కట్టు, కాగితం కనబడుతోంది," అంది.

ఇంతలో అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతబడి మా ఎదురింటి సూపర్‌వైజరు ఉద్యోగం పోయింది. ఒకప్పుడు ఆయన ఎదురైతే పనివాళ్లు సైకిల్ దిగి నిలబడేవాళ్లు. ఇప్పుడు ఆయన భార్య మా ఆవిడ దగ్గర గ్లాసుడు బియ్యం బదులడిగింది. కొన్నాళ్లకి మళ్లీ అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది. ఇద్దరు పసిపిల్లలున్న ఇల్లు, అందుకని ఆ మానెయ్యడమే మమ్మల్ని భయపెట్టింది.

ఆయన రోజూ ఫుడ్ బ్యాంక్ దాకా నడిచొచ్చేవాడు. ఎదురుగా సెలూన్ బెంచీ మీద, ఆయన కింద పనిచేసినవాళ్లే కూర్చుని ఉండేవాళ్లు. వాళ్లని చూసి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, వెనక్కి తిరిగిపోయేవాడు.

"నేనే చీకటిపడ్డాక వాళ్ల గుమ్మంలో సరుకు పెట్టేసి వస్తాను పిన్నీ," అన్నాను.

"పొద్దున లేచి నీ మొహం ఎలా చూస్తాడ్రా? నోరు మూసుకుని సంచులు కట్టు."

మర్నాడు ఆయన చెప్పు సరిచేసుకుంటుండగా పిన్ని గుమ్మంలోకి వచ్చి, వీధంతా వినబడేలా పిలిచింది.

"ఏం బాబూ సూపర్‌వైజరూ, మా తలుపు చప్పుడుకి చెవులు చిల్లులు పడుతున్నాయి. కాస్త చూసి పోకూడదూ?"

తలుపుకి ఏ రోగమూ లేదు. ముందురోజే నూనె వేశాను. ఆయన లోపలికొచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక మర బిగించాడు. వెళ్లబోతుంటే పిన్ని సంచి చేతిలో పెట్టింది.

"నాకెందుకండీ ఇది?"

"మా పద్ధతి తెలియదా? ఈ పోస్ట్‌మన్‌ని అడుగు."

పోస్ట్‌మన్ అప్పుడే తన సంచి భుజాన వేసుకుంటున్నాడు. "తీసుకోండి సార్. వాదిస్తే ఆవిడ రెండోది కూడా అంటగడుతుంది."

సూపర్‌వైజరు సంచి ఎత్తాడు. బియ్యం బరువు ఇంటిపెద్దకి తెలియకుండా ఉంటుందా. ఒక్క క్షణం పిన్ని ముఖంలోకి చూశాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు పాలపొడి డబ్బాల మీద దుమ్ము దులుపుతోంది.

ఆయన వీధిలో కాలు పెట్టాడో లేదో బెంచీ మీంచి నవ్వులు లేచాయి.

"మీకూ పడిందా సార్? పేపర్లా, ఇటుకా?"

నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

ఆయన సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "ఇటుకేనయ్యా. రెండు పెట్టినట్టుంది మహాతల్లి," అని వాళ్లతోపాటు తనూ నవ్వాడు. తలెత్తుకుని, వీధి మధ్యనుంచే ఇంటికి నడిచాడు.

అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఇలాంటి ఒక్క సంచి ఎవరికీ అనుమానం రాకుండా ఇల్లు చేరాలనే పిన్ని వీధి మొత్తంచేత సంచులు మోయిస్తోంది. సంతోషం పట్టలేకపోయాను. ఏదైనా మంచి మాట అందామని లోపలికి వెళ్లాను.

"పిన్నీ, నా సంచేదీ?" అన్నాను.

"పేపర్లు అయిపోయాయి. సరుక్కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు, వాళ్ల మధ్య కలపడానికి పేపర్ల సంచులు చాలట్లేదు. మీ ఇంట్లో ఉన్న పాత పేపర్లన్నీ పట్టుకురా, మీ ఆవిడ తిట్టినా సరే."

మా ఆవిడ తిట్టలేదు. ఎదురింటి వంటింట్లోంచి వస్తున్న గిన్నెల చప్పుడు వింటూ, తను ఇంకా చదవని ఆ రోజు పేపరు కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది.